ఆవకాయ తరఫున ఒక ఫిర్యాదు

హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా గారికి,
జిగురు పొర కింద, నా పొట్ట.

అయ్యా,

పోయిన నెల ఎండోస్కోపీలో మీరు పట్టుబడ్డారు. అంతకుముందు పన్నెండేళ్లు నా కడుపులో మంట పుట్టినప్పుడల్లా శిక్ష పడింది ఆవకాయకి. అమ్మ కారం మానెయ్యమంది. డాక్టరుగారు టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఆ టెన్షన్ ఎలా తగ్గించుకోవాలా అని ఇంకో టెన్షన్. చివరికి జాడీని బావమరిది ఇంటికి సాగనంపాను.

మీ ప్రతిభ మాత్రం ఒప్పుకోవాలి. యాసిడ్‌లో ఏదీ బతకదని అందరూ అనుకుంటుంటే, యూరియేజ్ అనే ఎంజైముతో యూరియాని అమ్మోనియాగా మార్చి, చుట్టూ ఉన్న యాసిడ్‌ని చల్లార్చుకుంటారట. మెలికల ఒంటితో, తోకలాడిస్తూ మరమేకులా జిగురులోకి దిగిపోతారట. ప్రపంచంలో దాదాపు సగంమంది పొట్టల్లో కాపురం ఉన్నా, ఎక్కువమందికి మీరున్నట్టే తెలియదు. నా దగ్గరే ఎందుకయ్యా ఈ ఆర్భాటం?

మీ గుట్టు రట్టయింది ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో. రాబిన్ వారెన్ అనే డాక్టరు 1979లోనే మిమ్మల్ని మైక్రోస్కోపులో చూశాడు. ల్యాబులో ప్లేట్ల మీద పెంచుదామంటే మీరు పెరగరు. రెండు రోజులు చూసి ప్లేట్లు పారేసేవాళ్లు. 1982లో ఈస్టర్ సెలవులొచ్చి, ప్లేట్లు ఐదు రోజులు అలాగే ఉండిపోయాయి. తీరా చూస్తే మీ కాలనీలు! పండగ సెలవులు దండగన్న మా మేనేజరుకి ఈ ముక్క చెప్పాలి.

అయినా కడుపులో పుండ్లకి, అంటే అల్సర్లకి, కారణం మీరేనంటే ఎవరూ సరిగ్గా నమ్మలేదు. 1984లో వారెన్‌తో కలిసి పనిచేసిన డాక్టరు బారీ మార్షల్ మిమ్మల్ని కలిపిన ద్రావణాన్ని గటగటా తాగేశాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు, నోటి దుర్వాసన, పొట్ట గోడకి వాపు. ఇంట్లో భార్యకి ముందు చెప్పలేదట, చెబితే తాగనిచ్చేదా! 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మీకూ బిరుదు దక్కింది లెండి: 1994లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు.

న్యాయంగా ఒక మాట. కారం మంటని పెంచవచ్చు, నొప్పి మాత్రలు కూడా అల్సర్ తెప్పించగలవు. కానీ నా పొట్టలో గొయ్యి తవ్వింది మీరేనని డాక్టరుగారు తేల్చారు.

పద్నాలుగు రోజులు గుప్పెడేసి మాత్రలు మింగాను. నోరంతా ఇనుప రుచి. నిన్న ఊదుడు పరీక్షలో మీరు లేరని తేలింది. వెంటనే బావమరిదికి ఫోన్ చేశాను.

జాడీ సంక్రాంతికే ఖాళీ అయిందట.

ఇట్లు,
చప్పిడి మెతుకుల బాధితుడు