నడిపి బిడ్డ కేకు

మన మిషిగన్ తెలుగువాళ్ల సంక్రాంతి సంబరాల్లో ఆ స్కిట్ మీరంతా చూసే ఉంటారు. ముగ్గుల పోటీ బహుమతులు అయిపోయి, భోజనాలకు ఇంకో అరగంట ఉందనగా వేశారు. చీర కట్టుకుని తెల్ల విగ్గు పెట్టుకున్న ఒక అబ్బాయి ఫోన్‌ను మొహానికి ఆనించుకుని "ఓప్పా, ఓప్పా" అంటూ ఏడుస్తుంటాడు. పక్కన స్టవ్ మీద ఉప్మా మాడిపోతుంటుంది. మనవడు ఆకలంటాడు, నానమ్మకు వినపడదు. హాలంతా నవ్వింది. చివర్లో మైకు పట్టుకున్నాయన "మన కల్చర్ నేర్పాల్సిన పెద్దవాళ్లే కొరియా సీరియళ్లకు అలవాటు పడితే ఇక పిల్లలకు ఎవరు చెప్తారండీ" అన్నారు. చప్పట్లు కొట్టారు.

మా అమ్మ మూడో వరుసలో నా పక్కనే కూర్చుని ఉంది. మొదట అందరితోపాటు తనూ నవ్వింది. "ఓప్పా అంటే ఉత్త అన్న గాదు, మన బావ లెక్క" అని ఆ అబ్బాయి అనగానే ఆమె నవ్వు ఆగిపోయింది. ఆ మాట అమ్మది. డిసెంబర్ అంతా పిల్లలు డాన్స్ రిహార్సల్‌కు మా బేస్‌మెంట్‌కు వచ్చేవాళ్లు. అమ్మ వాళ్లకు సర్వపిండి చేసి పెట్టేది. ఒకరోజు టీవీ ఆపి "ఓప్పా అంటే ఏంది బిడ్డా" అని వాళ్లనే అడిగింది. ఆడపిల్లలు అన్నను అలా పిలుస్తారని, ప్రేమించినవాణ్ణి కూడా అలాగే పిలుస్తారని చెప్పారు. "అన్న అని పిలిచి పెండ్లెట్ల చేసుకుంటరు?" అని కాసేపు ఆలోచించి, ఆ బావ మాట తనే కనిపెట్టింది. పిల్లలు దాన్ని గుర్తుపెట్టుకున్నారు.

కొంగు సర్దుకుని "ఇంటికి పోదామా బిడ్డా" అంది. రెండు రోజులు నేల మీద కూర్చుని చుట్టిన సకినాలు భోజనాల టేబుల్ మీదే ఉన్నాయి. ఆమె అన్నం తినకుండానే వచ్చేశాం. ఆ రాత్రి నుంచి అమ్మ టీవీ ముందు కూర్చోలేదు. రిమోట్ చేతికిస్తే "కండ్లు గుంజుతున్నయ్" అంటుంది.

పిల్లల్ని తప్పు పట్టడం లేదు. వాళ్లు మంచి పిల్లలు, ఇప్పటికీ మా ఇంటికి వస్తారు. కానీ అమ్మ ఏం చూసి ఏడ్చిందో చప్పట్లు కొట్టినవాళ్లకు తెలియదు. అది చెప్పాలి.

విజిటర్ వీసా మీద అక్టోబర్‌లో దిగే అమ్మానాన్నల సంగతి మనందరికీ తెలుసు. ఆకులు రాలేదాకా వాకింగ్, ఆ తర్వాత కిటికీ. మిషిగన్ చలికి జగిత్యాలలో పుట్టి పెరిగిన మనిషి తలుపు తీయడానికే భయపడుతుంది. పగలంతా మేం ఆఫీసులో, పిల్లలు స్కూల్లో. మొదట్లో అమ్మ తన సీరియళ్లే చూసుకునేది. నవంబర్‌లో ఒక శనివారం నేనే రిప్లై 1988 పెట్టాను. 2015లో మొదలై 2016 జనవరిలో అయిపోయిన డ్రామా అది. మొత్తం ఇరవై ఎపిసోడ్లు. సియోల్‌లో సంగ్మున్‌దోంగ్ అనే పేటలో, ఒకే గల్లీలో ఉన్న ఐదు కుటుంబాల కథ. అమ్మకు ఇంగ్లిష్ రాదు కాబట్టి కింద వచ్చే సబ్‌టైటిల్స్ నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని.

మొదటి ఎపిసోడ్‌లోనే ఒక సీన్ ఉంటుంది. రాత్రి భోజనాల వేళ ఒక తల్లి తను చేసిన కూర గిన్నెలో పెట్టి పక్కింటికి పంపుతుంది. ఆ ఇంటావిడ ఇంకేదో పెట్టి తిరిగి పంపుతుంది. చేతుల్లో గిన్నెలతో పిల్లలు గల్లీలో ఒకరికొకరు ఎదురుపడుతూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. అమ్మ లేచి కూర్చుంది. "కాళీ గిన్నె వాపస్ పంపొద్దని వీళ్లకు గూడ తెల్సు" అంది.

ఇంకో విషయం నాకంటే ముందు ఆమే పట్టుకుంది. ఒక పిల్ల ఎవరినో పిలిచింది, సబ్‌టైటిల్‌లో పేరు పడింది, నేను ఆ పేరే చదివాను. "గా పిల్ల పేరు వెట్టి పిలువలే గద" అంది అమ్మ. నిజమే. వాళ్లు పెద్దవాళ్లను పేరుతో పిలవరు. అన్న, అక్క, ఫలానా పిల్ల వాళ్లమ్మ, ఫలానా పిల్లాడి వాళ్ల నాన్న, మన వాడలో పిలిచినట్టే. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వరసల్ని చాలాసార్లు తీసేసి పేర్లు పెడతాయి. ఒక్క ఇంగ్లిష్ ముక్క రాని మా అమ్మ, పెదాల కదలికను, గొంతులో మర్యాదను చూసి తెలుసుకుంది. ఇది కల్చర్ మర్చిపోయిన మనిషి చూసే చూపేనా?

అసలు సంగతి ఆ తర్వాతది. ఆ కథలో డక్‌సున్ అనే అమ్మాయి ముగ్గురు పిల్లల్లో నడిపిది. అక్క బోరా యూనివర్సిటీలో చదివే తెలివైన పిల్ల, తమ్ముడు నోఉల్ మగపిల్లాడు. అక్క పుట్టినరోజు, డక్‌సున్ పుట్టినరోజు కొద్ది రోజుల తేడాతో వస్తాయి. ఇంట్లో డబ్బుల్లేక ఏటా అక్క కేకు మీదే రెండూ చేసేస్తారు. ఈసారి మాత్రం తనది తనకు విడిగా చేయమని ముందే అడుగుతుంది. మర్చిపోతారు. ఆ రాత్రి ఆ పిల్ల బద్దలైపోతుంది. గుడ్డు అక్కకు, తమ్ముడికి పెట్టి నాకు మాత్రం బీన్స్ పెడతారు, నాకూ గుడ్డు ఇష్టమే అంటుంది. కోడి కాలు తమ్ముడికి ఇస్తారు అంటుంది. పేర్లు కూడా వాళ్లకు మంచివి పెట్టి నాకు ఇది పెట్టారు అంటుంది.

అమ్మ "ఆపు" అంది. ఆపాను. బొమ్మ ఆ పిల్ల మొహం మీద నిలిచిపోయింది. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. వాళ్లింట్లో ఎనిమిది కోళ్లుండేవట. గుడ్లు అంగట్లో అమ్మేవాళ్లు. ఇంట్లో వండిన రోజు ఒక గుడ్డు తమ్ముడికి, ఒకటి అక్కకు, ఎందుకంటే అక్క పెళ్లి ఈడు పిల్ల. "నాకు పులుసు. పులుసుల గుడ్డు వాసనొస్తుండె. నేను ఎన్నడు అడుగలే." నాకు యాభై ఏళ్లు. ఈ మాట అమ్మ నోటి నుంచి ఎప్పుడూ వినలేదు.

తర్వాత మళ్లీ పెట్టాను. ఆ తండ్రి ఒక చిన్న కేకు తెచ్చి గల్లీలో బిడ్డ కోసం ఎదురుచూస్తుంటాడు. నాన్న కూడా పుట్టుకతోనే నాన్న కాదు కదా, నాన్న అవడం నాకూ ఇదే మొదటిసారి, అందుకని ఈసారికి పోనీ అనుకో అంటాడు. నేను చదివి చెప్తుంటే నా గొంతే సరిగ్గా రాలేదు. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా బాపు మంచోడే. గనీ గీ మాట అనలే" అంది.

మర్నాడు పొద్దున్నే కరీంనగర్‌లో ఉన్న మా చెల్లికి ఫోన్ చేసింది. నేను చాయ్ పెడుతూ వంటింట్లోంచి వింటున్నాను. మా ఇద్దరి ఓణీల ఫంక్షన్ ఖర్చు కలిసొస్తుందని ఒకేరోజు చేశారు. ఆల్బమ్‌లో ప్రతి ఫొటోలో మధ్యలో నేనుంటాను, చెల్లి అంచున సగం కనిపిస్తుంది. అమ్మ ఆ ఫంక్షన్ గురించే మాట్లాడింది. "నీకు ఒక్కదానికి చెయ్యకపోతిమి గద బిడ్డా, నాకప్పుడు తెల్వలే." అవతల చెల్లి "ఇప్పుడెందుకమ్మా అవన్నీ" అంది. అలా అందే గానీ నలభై నిమిషాలు ఫోన్ పెట్టలేదు. మేం ముగ్గురం ఆ విషయం మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

స్కిట్‌లో మాడిపోయిన ఉప్మా వెనక ఉన్నది ఇది.

మన సీరియళ్లను తిట్టడం నాకిష్టం లేదు. చక్రవాకం వచ్చే రోజుల్లో ఆ టైమ్‌కి మా వాడలో ఎవరూ ఎవరింటికీ వెళ్లేవాళ్లు కాదు. కార్తీకదీపం 2017లో మొదలైనప్పుడు నలుపు రంగని అవమానించే అత్త ముందు ఒక పిల్ల నిలబడితే, అలాంటి మాటలు పడ్డ ప్రతి ఆడదీ అందులో తనను చూసుకుంది. మలయాళం నుంచి వచ్చిన కథే అయినా వంటలక్క మన ఇంటి మనిషి అయిపోయింది. కానీ 2023 దాకా పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు నడపడానికి ఆ రంగు కథను పక్కకు నెట్టి, భర్త అనుమానాన్ని ఏళ్ల తరబడి లాగారు. ప్రతి వారం వచ్చే రేటింగ్‌ను బట్టి కథ నడిచేచోట మనిషి మారకూడదు, మారితే కథ అయిపోతుంది. అందుకే మన అత్త ఎప్పటికీ విషం కలుపుతూనే ఉంటుంది, కోడలు ఎప్పటికీ ఓర్చుకుంటూనే ఉంటుంది, నిజం చెప్పబోయినవాళ్లు ఆ క్షణంలోనే మెట్ల మీంచి పడిపోతారు. ఒక మాట అంటే నలుగురి మొహాలు మూడేసి సార్లు చూపిస్తారు. నా కోపమంతా ఒక్క విషయం మీద. మన సీరియళ్లలో పెద్దవాళ్లు చిన్నవాళ్లకు సారీ చెప్పరు. కాళ్ల మీద పడటం ఉంటుంది, ఉరి తాడు ఉంటుంది, శపథం ఉంటుంది. తప్పు చేశానమ్మా అని చిన్న గొంతుతో చెప్పే తండ్రి లేడు.

పొడుగు తప్పని కూడా నేననను. జపాన్‌లో 1983 ఏప్రిల్‌లో ఓషిన్ మొదలైంది. రోజుకు పావుగంట చొప్పున 297 ఎపిసోడ్లు, ఏడాదిలో పూర్తి. ఒక్క బస్తా బియ్యం కోసం ఏడేళ్ల పిల్లను పనికి పంపడంతో మొదలై, ఆమె ముసలితనం దాకా సాగుతుంది. సుగాకో హషిదా అనే ఒక్క రచయిత్రి రాసింది. అరవైకి పైగా దేశాల్లో చూశారు. రోజూ వచ్చేదే, ఇంటి ఆడవాళ్ల కోసం తీసిందే. కాకపోతే ఆ కథకు వెళ్లాల్సిన చోటు ముందే ఉంది.

కొరియా వాళ్లవన్నీ బంగారం కాదని కూడా చెప్పాలి. వాళ్లకూ వంద ఎపిసోడ్ల రోజువారీ సీరియళ్లున్నాయి. అందులో పుట్టుక రహస్యాలు, మతిమరుపులు, కోడలి మీద పడే అత్తలు అన్నీ ఉంటాయి. 2014లో వచ్చిన ఒకదాంట్లో కిమ్చీ తీసి మొహం మీద కొడతారు, ఆ సీన్ ప్రపంచమంతా తిరిగింది. మనం చూసేది వాళ్లు ఏరి పంపిన మంచివాటినే. రిప్లై 1988లో కూడా చివరి ఎపిసోడ్లు డక్‌సున్ పెళ్లాడింది ఎవరిననే ఊహల్లో పడి, ఆమెను మనసులోనే ప్రేమించిన జంగ్‌హ్వాన్ లాంటి మంచి పాత్రకు అన్యాయం చేశాయని నా అభిప్రాయం. తాగుడు మరీ ఎక్కువని అమ్మ కంప్లయింట్. అయినా బోరా లాంటి మనిషిని మన తెర మీద చూపించమనండి. ఇంట్లో అందరి మీదా అరిచే పిల్ల, చెల్లెలి జుట్టు పట్టుకునే పిల్ల, అదే పిల్ల ప్రభుత్వానికి ఎదురు తిరిగే విద్యార్థుల్లో ఉంటుంది. పోలీసులు పట్టుకున్నప్పుడు వానలో తల్లి వాళ్లను బతిమాలుతుంటే, తల్లి కాలి వేలి నుంచి రక్తం కారడం చూసి తన మొండితనం వదిలేస్తుంది. ఎవరూ ఆమెను మంచిదనో చెడ్డదనో తేల్చి చెప్పరు. "నోరు గట్టిది గనీ పిల్ల సాఫ్" అని అమ్మ తనే తేల్చుకుంది.

2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరిన్స్ మేం డిసెంబర్‌లో చూశాం. జేజూ దీవి కథ, పదహారు ఎపిసోడ్లు. అందులో భోజనాల దగ్గర మగవాళ్లకో బల్ల, ఆడవాళ్లకో బల్ల. కథానాయకుడు గ్వాన్‌సిక్ తన వాళ్లకు వీపు చేసి, భార్య ఉన్న బల్ల వైపు తిరిగి కూర్చుంటాడు. ఒక్క మాట అనడు, తిరుగుతాడు అంతే. మా ఆయన సోఫాలోంచి లేచి వెళ్లి అమ్మకు మంచినీళ్లు తెచ్చిచ్చారు. ముప్పై ఏళ్లలో అత్తగారికి ఆయన స్వయంగా నీళ్లివ్వడం నేను అప్పుడే చూశాను.

అందుకే కల్చరల్ కమిటీ వాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను. తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాల సభలకు మన ఊరి నుంచి ఎంతమంది వెళ్తామో మీకు తెలుసు. సీరియల్ నటులు వస్తే ఫొటోల కోసం మనమే వరుస కడతాం. ఈసారి ఫొటోతోపాటు ఒక మాట అడగండి. ముప్పై ఎపిసోడ్లలో అయిపోయే ఒక కథ, అందులో గుడ్డు దక్కని ఒక నడిపి పిల్ల, ఆమెకు సారీ చెప్పే ఒక తండ్రి. డాలర్లిచ్చి చూసే మనం అడిగితే వింటారు. పిల్లలకు స్కిట్ రాసేవాళ్లు ఇంకోసారి నానమ్మను పెడితే, ఆమె ఏం చూస్తోందో ఒక్క నిమిషం పక్కన కూర్చుని చూసి రాయండి.

ఉగాది ప్రోగ్రామ్‌లో సాహిత్య వేదిక తర్వాత ఒక గంట అమ్మలకు ఇవ్వండి. స్టేజీ అక్కర్లేదు, కింద ఉన్న క్లాస్‌రూమ్ చాలు. ఏం చూశారో, ఏ మనిషి నచ్చిందో, ఎక్కడ ఏడుపొచ్చిందో వాళ్లే చెప్తారు. స్కిట్ వేసిన పిల్లలు కూడా రావాలి. అమ్మ టికెట్ ఏప్రిల్ మొదటి వారానికి ఉంది. స్కిట్ రోజు దాకా అమ్మ చూస్తున్న డ్రామాలో ఇంకా నాలుగు ఎపిసోడ్లు మిగిలే ఉన్నాయి, రిమోట్ టీవీ పక్కనే పెట్టాను. మీరు గది ఇస్తామంటే అమ్మను ఒప్పించి తీసుకొస్తాను, సకినాలు మళ్లీ చుడతాం.