ఇంజిన్ మార్చాలంటే విమానానికి పర్మిషన్ ఎందుకంత కష్టం, ఆ పని మన దేశంలోనే ఎందుకు జరగాలి

2022 అక్టోబర్ చివర్లో ఒడిశాలోని జయపురం ఎయిర్‌స్ట్రిప్‌కి భువనేశ్వర్ నుంచి తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ విమానం రావడం మొదలైంది, అప్పట్నుంచి కొరాపుట్, రాయగడ వైపు మన తెలుగువాళ్ళలో చిన్న విమానాల ముచ్చట బాగా పెరిగింది. ఆ మాటల్లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. పాత ట్రైనింగ్ విమానం మన ఎండకి, మన కొండలకి ఈడ్చుకుంటూ ఎక్కుతుంటే ఇంకా పవర్ ఉన్న ఇంజిన్ పెట్టేస్తే పోలేదా, ఘాట్ రోడ్డు మీద తిరిగే పెట్రోల్ జీపులకి డీజిల్ ఇంజిన్లు దింపుకోలేదా మనం అని.

ప్రశ్నలో న్యాయం ఉంది. జయపురం స్ట్రిప్ సముద్రమట్టానికి దాదాపు రెండు వేల అడుగుల ఎత్తులో ఉంది, మే నెలలో 40 డిగ్రీలు కొట్టినరోజు అక్కడి గాలి ఎంత పలచబడుతుందంటే విమానానికి అది ఐదున్నర వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టే లెక్క. టర్బో, అంటే గాలిని అదిమి లోపలికి పంపే పరికరం లేని పిస్టన్ ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం పవర్ పోగొట్టుకుంటుంది, అంటే 160 హార్స్‌పవర్ అని రాసి ఉన్న ఇంజిన్ అక్కడ 135 దగ్గరే ఆగిపోతుంది, ముందు కొండ మాత్రం ఎక్కడికీ పోదు.

జీపుకైనా చట్టం ప్రకారం ఆర్టీవో అనుమతి కావాలి, మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 అదే చెప్తుంది. విమానం సంగతి ఇంకా లోతు. టైప్ సర్టిఫికెట్‌లో ఫలానా మోడల్‌కి ఫలానా ఇంజిన్, ఫలానా ప్రొపెల్లర్, ఇంత బరువు అని రాసి ఉంటుంది, అన్నీ కలిపి పరీక్షించి ఇచ్చిన హామీ అది. అందులోంచి ఇంజిన్ తీసి వేరేది పెడితే బరువు, బ్యాలెన్స్, స్ట్రక్చర్ మీద లోడు, ఎగిరే తీరు అన్నీ మారతాయి కాబట్టి అది మేజర్ చేంజ్ అయిపోతుంది. తయారుచేసిన కంపెనీయే మారిస్తే తన టైప్ సర్టిఫికెట్‌నే సవరించుకుంటుంది. కారవాన్ మొదట 600 హార్స్‌పవర్‌తో వచ్చి తర్వాత 675కి, గ్రాండ్ కారవాన్ ఈఎక్స్‌లో 867కి చేరింది అలాగే. బయటివాళ్ళు మార్చాలంటే సప్లిమెంటల్ టైప్ సర్టిఫికెట్, అంటే ఎస్‌టీసీ తెచ్చుకోవాలి. అదే కారవాన్‌కి ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ తీసేసి 900 హార్స్‌పవర్ హనీవెల్ టర్బోప్రాప్ ఇంజిన్ పెట్టే ఎస్‌టీసీ అమెరికాలో ఉంది.

ఎస్‌టీసీ అంటే సంతకాల కట్ట అని చాలామంది అనుకుంటారు, నాకు బాధ కలిగించేది అదే. ఆ కాగితంలో ఉండేది ఇంజినీరింగే. ఫ్లైయింగ్ క్లబ్బుల్లో ట్రైనింగ్‌కి వాడే చిన్న విమానం సెస్నా 172 ఎన్‌నే చూడండి, దీనికి 160 బదులు 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్ పెట్టే ఎస్‌టీసీలు అమెరికాలో చాలాకాలంగా వాడుతున్నారు, వాటిల్లో మొత్తం బరువు 2300 పౌండ్ల నుంచి 2550కి పెంచుకునే వీలు కూడా దొరుకుతుంది, కానీ అప్పుడు ఫ్లాప్స్, అంటే దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంచే పలకలు, 40 డిగ్రీల దాకా దించకూడదు, 30 దగ్గరే ఆపాలి. ఎందుకంటే ఎక్కువ బరువుతో దిగబోయి, ఆఖరి నిమిషంలో మళ్ళీ పైకి లేవాల్సొస్తే పూర్తిగా దించిన ఫ్లాప్స్‌తో సరిగా ఎక్కలేదు. పవర్ పెరిగింది కదా అని సొంతంగా బిగించుకున్నవాడికి ఈ సంగతి ఎవరు చెప్తారు? ప్రొపెల్లర్ ఇంకో కథ, ఇంజిన్ కొట్టే దెబ్బలకి ప్రొపెల్లర్ రెక్కలో పుట్టే వైబ్రేషన్ ఫలానా ఆర్‌పీఎం దగ్గర పగుళ్ళు తెస్తుంది, అందుకే కొన్ని జోడీల్లో ఆ ఆర్‌పీఎం దగ్గర ఎక్కువసేపు నడపొద్దని నిషేధమే ఉంటుంది. వీటితోపాటు కౌలింగ్ అనే ఇంజిన్ మూత లోపల కూలింగ్, ఫ్యూయెల్ ఫ్లో, ఫ్లైట్ మాన్యువల్‌కి అనుబంధం, మెయింటెనెన్స్ సూచనలు అన్నీ రావాలి. అమెరికా చట్టంలో ఎస్‌టీసీ సొంతదారు రాసిచ్చిన అనుమతి లేకుండా దాన్ని వాడడమే కుదరదు, జిరాక్స్ కాపీతో పని జరగదు.

కాగితం ఉంటే అన్నీ సర్దుకుంటాయనీ కాదు. జర్మనీ కంపెనీ థీలెర్ట్ కథ మన ఫ్లైయింగ్ క్లబ్బులు తప్పక తెలుసుకోవాలి. సెస్నా 172లోనూ పైపర్ చిన్న విమానాల్లోనూ పెట్టుకునేలా 135 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్‌కి ఎస్‌టీసీ తెచ్చారు, టర్బో ఉంది, జెట్ ఫ్యూయెల్‌తో నడుస్తుంది, అవ్‌గ్యాస్, అంటే చిన్న పిస్టన్ విమానాల పెట్రోల్, దొరకని ప్రాంతాలకి వరమే అనిపించింది. 2008లో కంపెనీ దివాలా తీసింది, వారంటీలు పోయాయి, గంటలు నిండితే ఓవర్‌హాల్ కాకుండా ఇంజినే మార్చాల్సిన డిజైన్ కావడంతో ఓనర్లు నలిగిపోయారు. థీలెర్ట్ ఇంజిన్లనే వాడుతున్న డైమండ్ కంపెనీ తన డీఏ42 విమానం కోసం ఆస్ట్రో ఇంజిన్‌తో వేరే వెర్షన్ చేసి 2009లో సర్టిఫై చేయించుకుంది, థీలెర్ట్‌ని 2013లో కాంటినెంటల్ అనే ఇంజిన్ కంపెనీ తీసుకుంది. మధ్యలో ఆ ఐదేళ్ళూ విమానం ఓనర్ చేతిలోనే ఉంది, భవిష్యత్తు మాత్రం వేరేవాళ్ళ చేతిలో.

మన దగ్గర విమానాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టిన కార్-21 (సీఏఆర్-21) రూల్స్‌లోనూ ఎస్‌టీసీ దారి ఉంది, డిజైన్ ఆర్గనైజేషన్ అప్రూవల్ ఉంది, విదేశీ ఎస్‌టీసీకి కూడా డీజీసీఏ ఒప్పుకోలు కావాలి. చేతగాక కాదు. బెంగళూరులోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ వాళ్ళు తమ హంస ట్రైనింగ్ విమానాన్ని కాంటినెంటల్ ఇంజిన్ నుంచి రోటాక్స్ ఇంజిన్‌కి మార్చి 2000లో సర్టిఫికేషన్ తెచ్చుకున్నారు, దాని కొత్త వెర్షన్ హంస ఎన్‌జీకి మళ్ళీ ఇంజిన్ మార్చి 2021లో ఎగరేశారు. అవ్‌గ్యాస్ కూడా 2022 నుంచి వడోదరలో ఇండియన్ ఆయిలే తయారుచేస్తోంది. అలాంటప్పుడు క్లబ్బుల్లో ఎక్కువగా వాడే 172 లాంటి ఒకట్రెండు మోడల్స్‌కి మన ఎండలకి సరిపోయే ఇంజిన్ మార్పు ఎస్‌టీసీ ప్రభుత్వ డబ్బుతో ఒక్కసారి చేయించి, హక్కులు ప్రభుత్వం దగ్గరే పెట్టుకుని, క్లబ్బులన్నిటికీ తక్కువ ఫీజుకి ఇవ్వాలని నేను గట్టిగా అంటున్నా. ఒక్కో క్లబ్బూ విడివిడిగా విదేశీ కంపెనీ గుమ్మం ఎక్కితే ఖర్చూ తడిసిమోపెడు, రేపు ఆ కంపెనీ మూతపడితే దిక్కూ ఉండదు. టెస్టులు మాత్రం డిసెంబర్ చలిలో బెంగళూరులో చేసి వదిలెయ్యకుండా, మే నెల మధ్యాహ్నం జయపురంలోనూ బరంపురం దగ్గర రంగైలుండలోనూ ఫుల్ లోడుతో చెయ్యాలి, వచ్చిన అంకెల్నే ఫ్లైట్ మాన్యువల్‌లో రాయాలి.