ఎవరి మీద విశ్వాసం?

2023 పార్లమెంటు వర్షాకాల సమావేశాల ఆఖరి రోజున, ఆగస్టు 11, శుక్రవారం, హోం మంత్రి అమిత్ షా మూడు నేర చట్టాల బిల్లులను లోక్‌సభ ముందు పెట్టారు. 1860 నాటి శిక్షాస్మృతి పోవలసిందే, అందులో మాకు పేచీ లేదు. పేచీ అంతా ఇవే సమావేశాల్లో, మణిపూర్ హింసపై రభస మధ్య, మూజువాణి ఓటుతో గట్టెక్కిన మరో రెండు బిల్లులతో.

మొదటిది జన్ విశ్వాస్ బిల్లు. 42 చట్టాల్లోని 183 నిబంధనలను సవరించింది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద అంతవరకు అయిదేళ్ల దాకా జైలు ఉండేది. దాని బదులు పది వేల నుంచి పదిహేను లక్షల రూపాయల జరిమానా. సొమ్ము కట్టినవాడికి జైలు లేదు. చిన్న తప్పులకు వ్యాపారులను కోర్టుల చుట్టూ తిప్పడం తగదన్న వాదనను కాదనలేం. కానీ గోదావరి డెల్టా మురుగు కాలువల్లో రసాయనాలు కలపడం చిన్న తప్పా?

తుందుర్రులో ఏం జరిగిందో భీమవరం చుట్టుపక్కల అందరికీ తెలుసు. చేపలు, రొయ్యలు శుద్ధి చేసే ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థాలు గొంతేరు కాలువలో కలుస్తాయేమోనని భయపడి అడ్డుపడిన ఆడవాళ్ల మీద హత్యాయత్నం కేసులు పెట్టి జైలుకు పంపారు. నీళ్లు పాడవుతాయని అన్నవారికి జైలు, నీళ్లు పాడుచేసినవారికి రసీదు! ఈ విశ్వాసం ఎవరి మీద?

రెండోది జనన మరణాల నమోదు సవరణ. చట్టం అమల్లోకి వచ్చాక పుట్టే బిడ్డకు బడి, ఓటు, పాస్‌పోర్టు, ప్రభుత్వ ఉద్యోగం, అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రం ఒక్కటే. పది కాగితాలకు బదులు ఒకటే చాలు కదా అంటున్నారు. చాలు, అది చేతిలో ఉన్నవారికి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటి, లంకల్లో జనం ఏటిగట్ల మీదికి చేరినప్పుడు పుట్టిన బిడ్డలున్నారు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోతే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలున్నారు. రేపు ఇలాంటి బిడ్డల పేరు 21 రోజుల్లో రాయించకపోతే తిరగవలసింది ఆ అమ్మమ్మే. వయసు రుజువు లేదని ఏ బిడ్డకూ బడిలో చోటు నిరాకరించరాదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. దాన్ని గుర్తుంచుకున్నవారు సభలో ఎందరు? ఫ్యాక్టరీ యజమాని మాట మీద ఉన్న నమ్మకం ఈ అమ్మమ్మ మాట మీద లేకపోయింది.

షా పెట్టిన కొత్త శిక్షాస్మృతి బిల్లులో ఒక మంచి మాట ఉండేది. అయిదు వేలలోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగి ఇచ్చినవాడికి జైలు బదులు సమాజసేవ. అయితే సమాజసేవ అంటే ఏమిటో ఆ బిల్లు చెప్పలేదు. చెప్పకుండా వదిలేస్తే మన ఊళ్లలో అది ఎవరి పొలంలో వెట్టిగా తేలుతుందో ఊహించడం కష్టం కాదు. ధనవంతుడి జరిమానాకు మాత్రం అంకెలతో సహా లెక్క రాశారు.

ఆ మూడు నేర చట్టాల బిల్లులూ అప్పట్లో పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లాయి, దిద్దడానికి వ్యవధి ఉండేది. వరదలొస్తే బోటెక్కి పరామర్శకు వచ్చే మన ఎంపీలు ముందు వాటిని చదవాల్సింది. జన్ విశ్వాస్‌కు సభ మూజువాణిగా తలూపుతుంటే తామేం చేశారో తుందుర్రు వెళ్లి, జైలుకు వెళ్లొచ్చిన ఆ ఆడవాళ్లకు చెప్పాలి.