సంక్షేమానికి కోరం ఉంది

పరీక్ష హాల్లో ఒక విద్యార్థి కళ్లు తిరిగి పడిపోయిన మర్నాడే మా కాలేజీలో విద్యార్థి ఆరోగ్య, సంక్షేమ, భద్రతా సంఘం ఏర్పడింది. ఈ వేగం చూసి ఈర్ష్య పడేవాళ్లను పడనివ్వండి. సభ్యులం పదమూడు మందిమి. అందులో విద్యార్థి ఒక్కరూ లేరు. రోగి చేత మందుచీటీ రాయించరు కదా! కార్యదర్శిని నేనే. ఏడాదిలో మేం సాధించినది నలుగురికీ చెప్పకపోతే ఇతర కాలేజీల పిల్లలకు అన్యాయం చేసినవాణ్నవుతాను.

ముందు నిద్ర సంగతి. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల మధ్య వయసువారికి రోజూ 7 నుంచి 9 గంటల నిద్ర కావాలంటారు నిద్ర నిపుణులు. ఏకధాటిగా 17 గంటలు మేలుకున్నవాడి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి చురుకుదనంతో సమానమని 1997లోనే పరిశోధకులు తేల్చారు. మా దగ్గర అసైన్‌మెంట్ల గడువు రాత్రి 11:59. ల్యాబ్ ఉదయం ఎనిమిదింటికి. ఈ రెంటిలో ఏదో ఒకటి కాస్త జరపకూడదా అని ఒకరు గొణిగారు గానీ, టైంటేబుల్ మా పరిధిలోకి రాదు. మా పరిధిలోకి వచ్చేది అవగాహన. అందుకని ఒక ఆదివారం ఉదయం ఏడింటికి ‘నిద్ర విలువ’ అన్న అంశం మీద సదస్సు పెట్టి హాజరు తప్పనిసరి చేశాం. నిద్ర సుఖమెరుగదన్న సామెతకు ఆ రోజు వెనక వరసల్లోని ఇనుప కుర్చీలే సాక్ష్యం. సదస్సు ఎగ్గొట్టి గదుల్లో పడుకున్న నలభై ఒక్క మందిని మాత్రం ఊరుకోలేదు. నిద్ర పట్ల నిర్లక్ష్యం చూపినందుకు సంజాయిషీ అడిగాం.

మానసిక ఆరోగ్యంలో మా కృషి ఇంకా గొప్పది. వెయ్యి నుంచి పదిహేను వందల మంది విద్యార్థులకు ఒక పూర్తికాలపు కౌన్సెలర్ ఉండాలని కౌన్సెలింగ్ సేవల అంతర్జాతీయ సంఘం సూచిస్తుంది. మా తొమ్మిది వేల మందికీ కలిపి ఒక్కరున్నారు. పక్షపాతానికి తావు లేదు. రోజుకు ఆరుగురి చొప్పున, ఏడాదికి రెండు వందల యాభై పనిదినాలు వేసుకుంటే అందరినీ ఒక్కసారి పలకరించడానికి ఆరేళ్లు పడుతుంది. చదువు నాలుగేళ్లే కాబట్టి చాలామంది వంతు రాకముందే పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు. అలాంటివారి పేర్ల ఎదుట రిజిస్టరులో ‘సమస్య పరిష్కారమైనది’ అని రాస్తున్నాం. గోప్యత విషయంలోనూ రాజీ పడలేదు. కౌన్సెలర్ గదికి అద్దాల తలుపు, అటుపక్క హాజరు గుమాస్తా, ఇటుపక్క ప్రిన్సిపాల్. వంతు వచ్చినవారిని మైకులో పేరు పెట్టి పిలుస్తారు.

ఒకే ఒక్కసారి మా సమావేశంలో ఇబ్బంది తలెత్తింది. 15 నుంచి 29 ఏళ్లవారి మరణాలకు కారణాల్లో ఆత్మహత్యది మూడో స్థానమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెబుతోందనీ, దాని గురించి మనమేం చేస్తున్నామనీ ఒక సభ్యురాలు అడిగారు. ఆ మాట ఎత్తితే పిల్లలకు లేని ఆలోచన పుడుతుందన్నారు అధ్యక్షులు. అది అపోహ అనీ, నేరుగా అడిగితే ఆలోచన పుట్టదనీ, మనసులోది చెప్పుకునే దారి దొరుకుతుందనీ ఆ సంస్థే చెబుతోందని ఆమె అన్నారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అధ్యక్షులు టీ తెప్పించమన్నారు. మినిట్స్‌లో నేను ‘తేనీటి విరామం’ అని రాశాను. నా చేతిరాత ఆ ఒక్క చోటే ఎందుకో సరిగ్గా రాలేదు.

ఇక భద్రత. లైబ్రరీ నుంచి హాస్టల్‌కు వెళ్లే దారిలో దీపాలు ఆరిపోయి చాలాకాలమైంది. దీపం మారిస్తే ఆ ఒక్క దారికే వెలుగు వస్తుంది. కెమెరాలైతే భవిష్యత్తంతటికీ పనికొస్తాయని అరవై నాలుగు బిగించాం. దీపం వెలగడం లేదన్న సంగతిని అవి ప్రతి రాత్రీ ఎంతో శ్రద్ధగా రికార్డు చేస్తున్నాయి. ఆడపిల్లలు ఎనిమిది దాటాక ఆ దారిన నడవరాదని సర్క్యులర్ కూడా ఇచ్చాం. చీకటికి సర్క్యులర్ ఇచ్చే అధికారం మాకు లేకపోయింది.

గుండె ఆగినవారికి షాక్ ఇచ్చే యంత్రం కూడా కొన్నాం. గుండె మీద అదిమి నొక్కే ప్రథమ చికిత్స అందకపోతే, షాక్ ఇవ్వడంలో జరిగే ప్రతి నిమిషం ఆలస్యానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందట. అంత విలువైన వస్తువు కాబట్టే బీరువాలో పెట్టి తాళం వేశాం. తాళంచెవి సూపరింటెండెంట్ గారి దగ్గర ఉంటుంది. ఆయన సాయంత్రం ఐదింటి దాకా ఉంటారు.

ఫిర్యాదుల పెట్టె ఉంది. బాగుంది.

ఆరోగ్యమంటే విడిగా ఒక సంఘానికి అప్పజెప్పే పని కాదనీ, పాలనలోనూ పాఠాల్లోనూ రోజువారీ వ్యవహారాల్లోనూ కలిసిపోవాలనీ 2015లో కెనడాలో ప్రకటించిన ఓకనాగన్ చార్టర్ చెబుతుంది. దాన్ని ఫ్రేము కట్టించి మా సంఘం గదిలోనే తగిలించాం.

మొన్న ఆ సభ్యురాలే మళ్లీ ఒక ప్రతిపాదన తెచ్చారు. అసైన్‌మెంట్ గడువు అర్ధరాత్రి నుంచి సాయంత్రం ఐదుకు మారిస్తే చాలన్నారు. దానికి సదస్సు అక్కర్లేదు, పోస్టర్ అక్కర్లేదు, ప్రారంభోత్సవం అక్కర్లేదు. అందువల్లే సభ్యులకు దాని మీద అనుమానం వచ్చింది. పరిశీలించడానికి ఉపసంఘం వేశాం. దానికీ కార్యదర్శిని నేనే. కానీ ఈ రోజు కుదరదు. మా సంఘం వార్షిక నివేదిక పంపడానికి గడువు రాత్రి 11:59. ఇప్పుడు పదకొండున్నర అయింది, ఇంకా ఫొటోలు అతికించాలి.