ఖరీదైన ట్రిగ్గర్ వేయిస్తే పాయింట్లు పెరుగుతాయా? ప్రచారంలో ఉన్న మాటలకు సమాధానం

కర్నూలులోనూ, నంద్యాల, ఆదోని వైపులా ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రుల ఫోన్లలో ఈ మధ్య ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: రైఫిల్‌తో వచ్చే కంపెనీ ట్రిగ్గర్ దేనికీ పనికిరాదు, గురి అంతా ట్రిగ్గర్ మీదే ఆధారపడి ఉంటుంది, అది ఎంత తేలికైతే అంత మంచిది, పెద్ద పోటీల్లో గెలిచేవాళ్లందరూ విడిగా కొన్న ఖరీదైన ట్రిగ్గర్లే వాడతారు, ఒకసారి కొంటే జన్మంతా పనికొస్తుంది. పత్తి అమ్మిన డబ్బులో నుంచి కూతురి ఆటకు ఖర్చు తీసిపెట్టే ఒక తండ్రి ఈ సందేశం చూపించి, "ట్రిగ్గర్ మార్పిస్తే పాప స్టేట్‌కు పోతాదా సార్?" అని అడిగారు. శిక్షణ ఇచ్చేవాడిగా ఆయనకూ, ఆయనలాంటి వారికీ వివరంగా సమాధానం చెప్పడం నా బాధ్యత.

గురి ట్రిగ్గర్ మీదే ఆధారపడుతుందన్న మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే నిలబడ్డాయి. రైఫిల్‌ను కదలకుండా వైస్‌లో (బల్లకు అమర్చే బిగింపు పరికరంలో) బిగించి పేలిస్తే పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్ చిన్న గుళ్లు) ఎంత దగ్గర దగ్గరగా పడతాయో నిర్ణయించేవి బ్యారెల్, పెల్లెట్, గాలి పీడనంలోని నిలకడ. అక్కడ ట్రిగ్గర్ ధరతో పని లేదు. మనిషి చేతిలో ఉన్నప్పుడు మాత్రం ట్రిగ్గర్‌కు ఒక పని ఉంది: కుదిరిన గురిని చెదరగొట్టకుండా రైఫిల్‌ను పేలనివ్వడం. ఇది చిన్న పనేమీ కాదు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో 10 పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు మాత్రమే. రైఫిల్ మీద గురి చూసే ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య 80 సెంటీమీటర్ల దూరం ఉందనుకుంటే, ముందు సైటు 0.04 మిల్లీమీటర్లు పక్కకు జరిగినా టార్గెట్ మీద అర మిల్లీమీటరు తేడా వస్తుంది. కనుక ట్రిగ్గర్ ముఖ్యం కాదని నేను అనడం లేదు.

అయితే స్కోరు లెక్కను కూడా చూడాలి. పెల్లెట్ అంచు ఏ రింగును తాకితే ఆ రింగు పాయింట్లు వస్తాయి. పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, అందువల్ల దాని నడిబొడ్డు టార్గెట్ నడిబొడ్డుకు 2.5 మిల్లీమీటర్ల లోపల పడితే 10, ఐదు లోపల పడితే 9, ఏడున్నర లోపల పడితే 8. అంటే తరచుగా 8 కొడుతున్న అమ్మాయి పెల్లెట్లు 5 నుంచి 7.5 మిల్లీమీటర్ల దాకా తప్పుతున్నాయి. అంత చెదురు నిలబడే తీరు నుంచి, ఊపిరి నుంచి, బట్ ప్లేట్ (రైఫిల్ వెనుక చివరి పలక) భుజానికి ప్రతిసారీ ఒకే చోట ఆనకపోవడం నుంచి, పెల్లెట్ బ్యారెల్ దాటకముందే తల ఎత్తి చూడటం నుంచి వస్తుంది. ట్రిగ్గర్‌ను గుంజే అలవాటు కూడా అందులో ఉంది, కానీ అది వేలి అలవాటు. తేలికైన ట్రిగ్గర్ దాన్ని కొన్నాళ్లు కప్పిపెడుతుందే తప్ప మాన్పించదు.

ఎంత తేలికైతే అంత మంచిదన్న మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతోంది. అంతర్జాతీయ నిబంధనల్లోనే దీనికి భిన్నమైన ఆలోచన కనిపిస్తుంది: 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని లాగడానికి కావలసిన బలం, కనీసం 500 గ్రాములు, 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కు కనీసం 1500 గ్రాములు ఉండాలి. ఎయిర్ రైఫిల్‌కు అలాంటి కనీస బరువు లేదు, అగ్రశ్రేణి షూటర్లు చాలా తేలికగానే పెట్టుకుంటారు. కానీ ట్రిగ్గర్ వదులుగా కదిలే ఫస్ట్ స్టేజ్ ఎక్కడ ముగిసిందో, బిగువుగా తగిలి పేల్చే సెకండ్ స్టేజ్ ఎక్కడ మొదలైందో వారి వేలికి తెలుసు. ఆ స్పర్శ ఇంకా రాని పిల్లలు వేలు ఆనించగానే రైఫిల్ పేలిపోతే, పేలుతుందన్న బెదురుతోనే ప్రతి షాటూ వేస్తారు. పైగా మన దగ్గర చాలామంది మొదలుపెట్టేది బ్యారెల్ వంచి లోడ్ చేసే స్ప్రింగ్ రైఫిళ్లతో. వాటి ట్రిగ్గర్‌ను అరగదీసి తేలిక చేయిస్తే, బ్యారెల్ వంచి పెల్లెట్ పెడుతుండగా సీర్ (స్ప్రింగ్‌ను వదలకుండా ఆపి ఉంచే కొక్కెం) జారవచ్చు; అప్పుడు బ్యారెల్ ఎగిరి మూసుకుని వేళ్లు నలిగిపోతాయి. లోపల సీర్‌ను పట్టుకుని ఉండేవి రెండు ఉక్కు అంచులే. వాటి పట్టును తగ్గించడమంటే పిల్లల చేతి భద్రతను తగ్గించడమే.

పెద్ద కంపెనీలకే ఇందులో పొరపాటు జరిగిన సందర్భం ఉంది. అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ 2014 ఏప్రిల్‌లో తన మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లలోని ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్లను వెనక్కి పిలిపించుకుంది. తయారీలో వాడిన జిగురు ఎక్కువై, ట్రిగ్గర్ నొక్కకుండానే తూటా పేలే ప్రమాదం ఉందని తేలడమే కారణం. ఫ్యాక్టరీలోనే ఇలా జరిగిందంటే, శిక్షణ లేనివారి చేత ట్రిగ్గర్ మార్పించే ముందు ఎంత ఆలోచించాలి!

గెలిచేవాళ్లందరూ విడి ట్రిగ్గర్లే వాడతారన్నది నిజం కాదు. ఫైన్‌వెర్క్‌బావు, వాల్టర్, ఆన్‌షుట్జ్ వంటి కంపెనీల మ్యాచ్ రైఫిళ్లు రెండు స్టేజీలనూ విడివిడిగా సర్దుకోగల ట్రిగ్గర్లతోనే వస్తాయి. బరువు, ప్రయాణం, పేలిన తర్వాత ట్రిగ్గర్ వెనక్కి వెళ్లే దూరం, బ్లేడు స్థానం అన్నీ స్క్రూలతో మార్చుకోవచ్చు. సందేశంతో పాటు తిరుగుతున్న వీడియోలు అమెరికాలోని ఏఆర్-15 రకం రైఫిళ్లవి. వాటి సైనిక ప్రమాణపు ట్రిగ్గర్ సుమారు రెండున్నర నుంచి నాలుగు కిలోలకు పైగా బరువు లాగాలి, గరగరమంటూ కదులుతుంది. అక్కడ మంచి ట్రిగ్గర్ వేస్తే తేడా తెలుస్తుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మన పిల్లల ఎయిర్ రైఫిల్‌కు ఆ అనుభవాన్ని అంటగట్టడమే తప్పు. లైసెన్సు ఉన్న తుపాకుల యజమానులు కూడా ఆ వీడియోలు చూసి తొందరపడకూడదు: 1959 నాటి ఆయుధాల చట్టం నిర్వచనంలో ఆయుధాల విడిభాగాలు కూడా ఆయుధాలే.

జన్మంతా పనికొస్తుందన్నదీ నిలవదు. ఒక మోడల్ కోసం చేసిన ట్రిగ్గర్ సాధారణంగా మరో మోడల్‌కు సరిపోదు. స్ప్రింగ్ రైఫిల్‌తో మొదలైన పిల్లలు పోటీల దాకా వస్తే రైఫిలే మారుతుంది.

ట్రిగ్గర్ మార్చడం సబబైన సందర్భం ఒకటుంది. సర్దుకునే స్క్రూలు లేని ట్రిగ్గర్ బాగా బరువుగా, ప్రతిసారీ వేరే చోట పేలుతూ ఉండి, నిలకడగా నిలబడటం నేర్చిన పిల్లలను అది ఒక్కటే ఆపుతున్నదని కోచ్ కళ్లారా చూసినప్పుడు, ఆ రైఫిల్ తయారీదారు ఇచ్చే భాగాన్నే వేయించండి. సర్దుకునే ట్రిగ్గర్ ఉంటే ముందుగా దాన్ని సర్దించండి: రైఫిల్ ఖాళీగా ఉందని ఇద్దరు చూడాలి, స్క్రూ మొదట ఉన్న స్థానాన్ని గుర్తు పెట్టుకోవాలి, ఒక్కోసారి కొద్దికొద్దిగానే తిప్పాలి. మిగిలిన డబ్బుతో ఒకే బ్యాచ్ పెల్లెట్ డబ్బాలు కొనండి. డ్రై ఫైర్ సదుపాయం ఉన్న మ్యాచ్ రైఫిల్ అయితే ఇంట్లో గోడ వైపు తిరిగి పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ సాధన చేయించవచ్చు. స్ప్రింగ్ రైఫిల్‌తో మాత్రం అలా చేయించకండి, లోపల పిస్టన్ సీల్ దెబ్బతింటుంది.