ఎవరూ చూడటానికి రాని మంచం దగ్గర మొదలుపెట్టాలి

తల్లినో తండ్రినో చేర్చడానికి వృద్ధాశ్రమం చూడబోయిన కుటుంబానికి మొదట కనిపించేవి తుడిచిన నేల, గాలీ వెలుతురూ ఉన్న గదులు, గోడకు వేలాడే అనుమతి పత్రాలు. అవి అవసరమే గానీ, ఆ సంస్థ ఏం సమకూర్చుకుందో మాత్రమే చెబుతాయి. వైద్య సేవల నాణ్యతను ఎలా కొలవాలన్న విషయంపై 1966లో వైద్య సేవల పరిశోధకుడు అవేడిస్ డొనబేడియన్ ప్రచురించిన వ్యాసం మూడింటిని విడదీసింది: ఉన్న వసతులు, వాటితో రోజూ జరిగే పని, ఆ పని వల్ల మనిషికి కలిగిన ఫలితం. మంచాలనూ సిబ్బందినీ లెక్కపెట్టడం తేలిక కాబట్టి తనిఖీలు చాలాసార్లు మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి.

ఫలితం తెలియాలంటే ఒంటిని చూడాలి. కదలలేని మనిషిని గంటల తరబడి ఒకే పక్కన పడుకోబెడితే తుంటి, మడమ, నడుము అడుగు భాగాల్లో ఒత్తిడికి రక్తం అందక పుండు పడుతుంది. ముందుగా కనిపించే గుర్తు వేలితో నొక్కినా పోని ఎరుపు. ముదురు రంగు చర్మం మీద అది కంటికి ఆనకపోవచ్చు కనుక, చేత్తో తాకి ఆ చోటు వెచ్చగానో గట్టిగానో ఉందేమో చూడాలి. నిర్లక్ష్యం చేస్తే చివరి దశలో పుండు ఎముక దాకా పోతుంది. అయితే పుండు పడిన ప్రతిసారీ సిబ్బందిదే తప్పు అనడం న్యాయం కాదు. అవసాన దశలో ఉన్నవారికి ఎంత శ్రద్ధ తీసుకున్నా పడవచ్చు. దాన్ని ఏ దశలో గుర్తించారు, ఆ రోజు నుంచి ఏం మార్చారు అన్న ప్రశ్నలకు వచ్చే జవాబే అసలు విషయం చెబుతుంది. బరువు తగ్గడమూ అలాంటిదే. అమెరికా నర్సింగ్ హోముల్లో నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే దాన్ని ప్రమాద సంకేతంగా చూస్తారు. దాని వెనుక సరిపోని కట్టుడు పళ్లు ఉండవచ్చు, మింగలేకపోవడం ఉండవచ్చు, దిగులు ఉండవచ్చు, లేదా నెమ్మదిగా తినిపించే తీరిక ఎవరికీ లేకపోవచ్చు.

అంకెలు కూడా ఒక్కోసారి దారి తప్పిస్తాయి. జారిపడిన సంఘటనలు తక్కువగా నమోదైన చోట భద్రత బాగుందనుకుంటాం, కానీ అక్కడ మనుషులను కుర్చీలకు కట్టేసి ఉండవచ్చు, మందులతో మగతలో ఉంచి ఉండవచ్చు, పడినా రాయకపోయి ఉండవచ్చు. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్రమంగా క్షీణించే జబ్బు, ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్ మందులు (తీవ్ర మానసిక జబ్బులకు వాడేవి, మగత కలిగించేవి) ఇస్తే మరణ ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. కాబట్టి ఎంతమంది పడ్డారన్న లెక్కతో పాటు, ఎంతమందికి ఆ మందులు ఇస్తున్నారు, ఏ కారణంతో ఇస్తున్నారు అనేదీ అడగాల్సిందే. సంస్థ తన గురించి తాను చెప్పుకునే లెక్కకు వేరే ఆధారం కూడా ఉండాలి. సిబ్బంది ఎన్ని గంటలు పనిచేశారో జీతాల చిట్టాల ప్రకారం చూపాలని అమెరికా 2016 నుంచి నిబంధన పెట్టింది అందుకే.

అన్నిటికన్నా కష్టం, మాట పోయినవారికి ఎలాంటి సేవ అందుతోందో తెలుసుకోవడం. సంతృప్తి సర్వేలకు జవాబు చెప్పగలిగేవారు ఆ ఇంట్లో కాస్త ఓపిక ఉన్నవారే. వారిలోనూ, రేపు ఉదయం తమను లేవదీసి స్నానం చేయించాల్సిన మనిషి మీద ఫిర్యాదు చేయడానికి ఎంతమంది సాహసిస్తారు? డిమెన్షియా ఉన్నవారి పక్కన గంటల తరబడి కూర్చుని, ప్రతి ఐదు నిమిషాలకూ వారు ఏం చేస్తున్నారో, ఏ స్థితిలో ఉన్నారో రాసుకునే పద్ధతిని బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ కిట్‌వుడ్ బృందం రూపొందించింది. అంత శిక్షణ లేనివారు కూడా ఒక పూట భోజనం జరుగుతున్నంతసేపు కూర్చుంటే చాలా తెలుస్తుంది. తినిపించే మనిషి ఎదురుగా కూర్చుందా, నిలబడే చెంచా అందిస్తోందా? ముందు ముద్ద మింగేదాకా ఆగుతోందా? ఇద్దరు ఆయాలు ఆ మనిషి తల మీదుగా తమలో తాము మాట్లాడుకుంటున్నారా? ముఖం తిప్పుకోవడం వద్దనడం కాదని, పంటి నొప్పి అని కనిపెట్టగలిగేది ఏడాదిగా అదే చేత్తో తినిపిస్తున్న మనిషి. సిబ్బంది నెలనెలా మారిపోయే చోట ఆ ఎరుక నిలవదు, అందుకే నా మట్టుకు వసతుల కన్నా ముందు అడగాల్సింది ఎవరు ఎన్నాళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నారన్నదే.

తనిఖీకి వెళ్లేవారు ముందుగా చెప్పకుండా, రాత్రి పూటో సెలవు రోజునో వెళ్లాలి. యాజమాన్యం చూపించే గది వదిలేసి, చూడటానికి ఎవరూ రాని మనిషి మంచం దగ్గరికి నడవాలి. ఆ పెదవులు ఎండిపోయి ఉన్నాయా, గోళ్లు ఎలా ఉన్నాయి, కళ్లద్దాలు ఆ మనిషివేనా, నీళ్ల గ్లాసు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉందా, పిలుపు గంట నొక్కితే ఎన్ని నిమిషాలకు మనిషి వచ్చారు అన్నవి అక్కడ నిలబడి రాసుకోవాలి.