సవరణ: డోవర్ తీర్పు సుప్రీంకోర్టుది కాదు

జీవులను ఏదో తెలివైన శక్తి రూపొందించిందనే 'ఇంటెలిజెంట్ డిజైన్' వాదాన్ని ప్రభుత్వ బడుల్లో చెప్పకూడదని అమెరికా సుప్రీంకోర్టు 2005లో తీర్పిచ్చిందని కిందటి పోస్టులో ఉంది. ఆ వాక్యాన్ని ఇలా చదువుకోగలరు: 2005 డిసెంబరు 20న డోవర్ అనే ఊరి స్కూల్ బోర్డు కేసులో ఆ తీర్పిచ్చింది పెన్సిల్వేనియాలోని ఫెడరల్ జిల్లా కోర్టు జడ్జి జాన్ జోన్స్. సుప్రీంకోర్టు 1987లో కొట్టేసింది వేరే చట్టాన్ని. పరిణామ సిద్ధాంతం చెబితే 'సృష్టి శాస్త్రం' (జీవులను దేవుడే సృష్టించాడనే వాదం) కూడా చెప్పి తీరాలన్న లూసియానా చట్టం అది.

తేడా చిన్నదేం కాదు. జిల్లా కోర్టు తీర్పు దేశమంతటినీ కట్టిపడేయదు. మరి డోవర్ స్కూల్ బోర్డు పై కోర్టుకు ఎందుకు వెళ్లలేదంటే, వెళ్లడానికి పాత బోర్డు మిగిలితేగా! తీర్పుకు ముందే, నవంబరు ఎన్నికల్లో, మళ్లీ పోటీ చేసిన పాత సభ్యులంతా ఓడిపోయారు. కొత్తవాళ్లు అప్పీలు ఊసెత్తలేదు. పైగా కేసు వేసిన తల్లిదండ్రుల లాయర్ల ఖర్చు కింద పది లక్షల డాలర్ల పైచిలుకు ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ నెత్తిన పడింది.

పరిణామ సిద్ధాంతం, ఇంటెలిజెంట్ డిజైన్ 'రెండింటికీ సమానంగా పాఠాలు' అని కిందటి పోస్టులో ఉన్న మాట కూడా తీసేశాను. డోవర్‌లో అంత జరగలేదు. తొమ్మిదో తరగతి బయాలజీ క్లాసులో నాలుగు పేరాల ప్రకటన చదవాలన్నారు, అంతే. డార్విన్ సిద్ధాంతంలో ఖాళీలున్నాయని, కావాలంటే ఇంటెలిజెంట్ డిజైన్ గురించి చెప్పే 'ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్' పుస్తకం చూడొచ్చని అందులో ఉంది. సైన్స్ టీచర్లు మేం చదవం అని మొండికేశారు. దాంతో 2005 జనవరిలో అధికారులే క్లాసులకొచ్చి చదివి వెళ్లారు.

జోన్స్‌ను ఆ పదవిలో నియమించింది సంప్రదాయవాదుల పక్షమైన రిపబ్లికన్ పార్టీకి చెందిన అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్. 'లిబరల్ జడ్జి' అంటూ కామెంట్ పెట్టినవారు గమనించగలరు.